జనేల్ ఏ స్కూల్ పిల్ల?

2011లో నేను న్యూజెర్సీలోని ఒక పాత ఫ్యాక్టరీల ఊళ్ళో స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్‌గా పనిచేస్తున్నాను. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్ నుంచి కారులో పెద్ద దూరం కాదు. అయినా ఎడిసన్‌లో మనవాళ్ళ షాపుల దగ్గర ఎవరైనా కలిసి, "ఎక్కడ జాబ్?" అని అడిగినప్పుడు ఊరి పేరు చెబితే, "అక్కడా? భయం వెయ్యదా అండీ?" అనేవారు. భయం వేసేది. అయితే వాళ్ళనుకునే కారణానికి కాదు. అంతకు కొన్నేళ్ళ ముందు లెక్కలకీ, స్పెషల్ ఎడ్యుకేషన్‌కీ టీచర్లు దొరక్క ఆ ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు హైదరాబాద్ దాకా వచ్చి ఇంటర్వ్యూలు చేశారు. అలా హెచ్-1బి వీసా మీద వచ్చినవాళ్ళలో నేనొకదాన్ని. ఉద్యోగం పోతే వీసా పోతుంది. మా ఆయన సుధాకర్ హనుమకొండలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి వచ్చారు. డిపెండెంట్ వీసా కాబట్టి ఇక్కడ పని చేసే వీల్లేదు. ఇల్లంతా నా ఒక్క ఉద్యోగం మీదే నిలబడి ఉంది.

నా పని గురించి ఒక మాట. వినడంలోనో, చదవడంలోనో, కుదురుగా కూర్చోవడంలోనో ఇబ్బంది ఉన్న పిల్లలకి నేను నలుగురైదుగురిని కలిపి పాఠం చెప్పేదాన్ని. అలాంటి ప్రతి పిల్లకీ ఐఈపీ అని ఒక ప్లాన్ ఉంటుంది. ఆ పిల్లకి ఏ సాయం కావాలో టీచర్లూ తల్లిదండ్రులూ కూర్చుని అందులో రాస్తారు. రాసింది చెయ్యడం చట్టప్రకారం స్కూల్ బాధ్యత. అది మా ఇష్టాయిష్టాల విషయం కాదు.

మా బిల్డింగ్ మూడో అంతస్తులోకి అంతకు ముందే ఒక చార్టర్ స్కూల్ వచ్చింది. చార్టర్ కూడా ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తుంది, ఫీజు ఉండదు. నడిపేది మాత్రం డిస్ట్రిక్ట్ కాదు, బయటి సంస్థ. రూల్స్ వాళ్ళవి, టీచర్లకి యూనియన్ ఉండదు. సీట్లకి మించి అప్లికేషన్లు వస్తే లాటరీ తీస్తారు. పిల్ల పైకి వెళ్తే ఆ పిల్ల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బూ పైకే వెళ్తుంది. ఇలా ఒకే బిల్డింగ్‌లో రెండు స్కూళ్ళు పెట్టడాన్ని కో-లొకేషన్ అంటారు. మాకు అది జిమ్ ఎవరికి ఏ పీరియడ్‌లో, వెనక మెట్లు ఎవరివి అని రోజూ జరిగే తగాదా. వాళ్ళ అంతస్తుకి కొత్త పెయింట్ వేశారు. ఆ పెయింట్ మెట్ల మలుపు దగ్గర సరిగ్గా గీత గీసినట్టు ఆగిపోయేది.

జనేల్ ఐదో తరగతిలో నా దగ్గర చదివింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ స్వెట్టర్ చేతులు లాక్కుంటూ ఉండేది. చెవులు బాగానే వినిపిస్తాయి. విన్న మాట అర్థంగా మారడానికి మాత్రం మిగతా పిల్లలకంటే ఎక్కువసేపు పట్టేది. దాన్ని ఆడిటరీ ప్రాసెసింగ్ ఇబ్బంది అంటారు. ఎదుటి మనిషి ముఖం చూస్తూ వినమంటే మాట జారిపోయేది. అందుకని కిటికీ వైపో, నేల వైపో చూస్తూ వినేది. తెలియనివాళ్ళకి పొగరులా కనిపించేది.

వాళ్ళ అమ్మ యోలాండా ఒక నర్సింగ్ హోమ్‌లో వృద్ధులకి సేవ చేసే ఉద్యోగం చేసేది. చార్టర్ కావాలని ఊళ్ళో తల్లిదండ్రుల్ని కూడగట్టినవాళ్ళలో ఆమె ముందుండేది. జనేల్‌కి ఆరో తరగతికి లాటరీలో సీటు వచ్చిన రోజు ఆమె నా గదికి వచ్చింది.

"మిస్ పి, మీ మీద కోపంతో కాదు" అంది. నా పేరు పద్మజ. పలకడం కష్టమై అందరూ మిస్ పి అనేవారు. "నా పెద్దకొడుకు ఈ స్కూల్లోనే ఎనిమిదేళ్ళు చదివాడు. గ్రాడ్యుయేషన్ గౌన్ వేసుకుని ఫొటో దిగాడు. మొన్న ఉద్యోగానికి అప్లికేషన్ నింపడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇంకో బిడ్డతో ఆ పని చెయ్యలేను."

జనేల్‌ని బాగా చదువుకోమని చెప్పి పంపించాను.

మరుసటి జనవరిలో ఒక సాయంత్రం స్కూల్ వదిలాక యోలాండా మళ్ళీ వచ్చింది. డ్యూటీకి వెళ్ళే దారిలో ఉంది. నీలం రంగు యూనిఫామ్ మీద కోటు వేసుకుని, బటన్లు కూడా పెట్టుకోలేదు. తలుపు వేసి కూర్చుంది.

"మూడోసారి సస్పెండ్ చేశారు" అంది.

పై స్కూల్లో ఒక రూల్ ఉంది. క్లాస్‌లో ఎవరు మాట్లాడుతుంటే అందరి కళ్ళూ వాళ్ళమీదే ఉండాలి. అడిగితే వెంటనే జవాబు చెప్పాలి. లేకపోతే డీమెరిట్, అంటే ఒక చెడ్డ మార్కు. అవి పోగైతే డీన్, అంటే క్రమశిక్షణ చూసే ఆయన, ఇంటికి పంపిస్తాడు. జనేల్ సంగతి చెప్పాలా?

"నిన్న డీన్ పిలిచాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. 'ఈ స్కూల్ జనేల్‌కి సరైన చోటు కాదేమో, ఆలోచించండి' అన్నాడు. ఆలోచించడమేమిటి? వసంతంలో స్టేట్ పరీక్షలు వస్తున్నాయి. తక్కువ మార్కులు వచ్చే పిల్లలు ముందే వెళ్ళిపోతే స్కూల్‌కి మంచి పేరు. నాకు తెలియదా?"

నిజం చెప్పాలంటే నాకు లోపల ఒక రకమైన తృప్తి కలిగింది. "అయితే కిందికి తీసుకొచ్చెయ్యండి. నా గదిలో ఎప్పుడూ చోటు ఉంటుంది" అన్నాను.

యోలాండా నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. "నేను అందుకు రాలేదు. తను అక్కడే ఉండాలి."

"మూడుసార్లు ఇంటికి పంపిన చోటా?"

"తను చదువుతోంది, మిస్ పి. బస్సులో చదువుతుంది. బాత్రూంలో తలుపేసుకుని చదువుతుంది. బయటికి రమ్మని నేను తలుపు బాదాలి. మీ దగ్గర తను సంతోషంగా ఉండేది. అది నేను మర్చిపోను. కానీ చదివేది కాదు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. కోపం కూడా వచ్చింది. కానీ ఆమె నన్ను నొప్పించాలని అనలేదు. నిజమని అంది.

ఆమె వచ్చింది ఒక సాయం అడగడానికి. పై స్కూల్లో జనేల్ ఐఈపీ మీటింగ్ పెట్టించింది. అలాంటి మీటింగ్‌కి పిల్లని ఎరిగినవాళ్ళని ఎవరినైనా వెంట తెచ్చుకునే హక్కు తల్లికి ఉంది. నన్ను రమ్మంది. ఆలోచించి చెప్తానన్నాను.

ఈ మాట మర్నాటికే మా ప్రిన్సిపాల్ డొనెలీకి తెలిసింది. ఒకే బిల్డింగ్‌లో ఏదీ దాగదు. డొనెలీ ఆ స్కూల్లోనే టీచర్‌గా చేరి అక్కడే జుట్టు నెరిసిన మనిషి. చలికాలం కోటు లేకుండా వచ్చిన పిల్లలకి తన కారులోంచి కోట్లు తీసి ఇచ్చేవాడు. అప్పటికి ఆయన పీకల దాకా ఒత్తిడిలో ఉన్నాడు. చార్టర్ వాళ్ళు మా రెండో అంతస్తులో సగం కూడా ఇవ్వమని స్కూల్ బోర్డుని అడిగారు. దానిమీద బహిరంగ విచారణ, అంటే హియరింగ్, దగ్గర పడింది.

"పద్మా, ఆ పాపని వెనక్కి తీసుకురా" అన్నాడు. "హియరింగ్‌లో ఆ తల్లి లేచి జరిగింది చెప్పాలి. చార్టర్ కోసం తిరిగిన మనిషే చెబితే బోర్డు వింటుంది. తరవాత నువ్వు మాట్లాడు."

"ఆవిడకి వెనక్కి తీసుకురావాలని లేదు" అన్నాను.

ఆయన చేతిలోని పెన్ను టేబుల్ మీద పెట్టాడు. "నీ గ్రీన్‌కార్డ్ విషయంలో హెచ్ఆర్ వాళ్ళు ఫోన్ చేశారు. వచ్చే ఏడు నీ పోస్టు ఉంటుందా అని అడిగారు. ఆ గదులు పోతే నేనేం చెప్పను? బెదిరించడం లేదు. ఉన్నమాట చెప్తున్నాను."

నిజంగానే ఆయన బెదిరించలేదు. బెదిరించి ఉంటే నాకు కోపమన్నా వచ్చేది. అది ఉన్నమాటే కావడం వల్ల కోపానికీ వీల్లేకపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి సుధాకర్ పప్పుచారుకి తాలింపు వేస్తున్నారు. అంతా చెప్పాను. గరిటె పక్కన పెట్టి స్టౌ ఆపేశారు.

"నువ్వు పోకు" అన్నారు. "ఆమె బిడ్డ, ఆమె స్కూలు. నడిమిట్ల నువ్వెందుకు?"

"నేను పోకపోతే ఆ పాపని మెల్లగా బయటికి నెట్టేస్తారు."

"సరే, పోతవ్. పోయి ఏం చెప్తవ్? ఆ పిల్ల పైన మంచిగ చదువుతుందని కూడా చెప్తవా? చెప్పినంక మీ ప్రిన్సిపాల్ ఊకుంటడా?"

నన్ను తొలుస్తున్నది అదే. సాయం చెయ్యడానికి వెళ్ళి సగం నిజం చెప్పి రాలేను. మొత్తం చెబితే మా స్కూల్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినట్టే.

"నాకు భయమైతుంది పద్మా" అన్నారు సుధాకర్. పెళ్ళయ్యాక ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. "ఆరేండ్లాయె నేను క్లాస్‌రూమ్‌ల నిలబడి. ఇప్పుడు వాపస్ పోతే నన్నెవడు తీసుకుంటడు?"

ఆ రాత్రి ఇద్దరం తినీ తినకుండా లేచాం. పొద్దున్నే నేను బూట్లు వేసుకుంటుంటే ఆయనే అన్నారు, "పో. పోయిరా. పోకుంటే నువ్వు మనుషుల్ల ఉండవు. నాకెరుకే."

మీటింగ్ మూడో అంతస్తులో, స్కూల్ వదిలాక. నా సొంత టైమ్‌లో వెళ్ళాను. నేను ఆ అంతస్తు ఎక్కడం అదే మొదలు. గోడల నిండా పిల్లలు రాసిన పేజీలు. జనేల్ రాసింది కూడా ఒకటి ఉంది. దాని ముందు ఆగి చదివాను. నా దగ్గర ఉన్నప్పుడు మూడు వాక్యాలు రాయమంటే ఏడ్చిన పిల్ల పేజీ నిండా రాసింది.

గదిలో డీన్ వీలర్ ఉన్నాడు. ముప్పై కూడా నిండి ఉండవు. నిద్రలేని కళ్ళు. పక్కన వాళ్ళ స్పెషల్ ఎడ్యుకేషన్ కోఆర్డినేటర్, ఇంకా చిన్న అమ్మాయి. ఇటు యోలాండా, జనేల్, నేను.

"జనేల్ అంటే మాకందరికీ ఇష్టం" అని మొదలుపెట్టాడు వీలర్. "కానీ తన అవసరాలకి కింది స్కూల్లో అనుభవం ఉన్నవాళ్ళు ఉన్నారు. మిస్ పి ఇక్కడే ఉన్నారు కదా."

"ఐఈపీలో రెండు విషయాలు ఉన్నాయి" అన్నాను. "జవాబుకి టైమ్ ఇవ్వాలి. ముఖం వైపు చూడమని ఒత్తిడి చెయ్యకూడదు. ఈ రెండూ ఇక్కడ జరుగుతున్నాయా?"

కోఆర్డినేటర్ తల దించుకుంది. వీలర్ ముఖం ఎర్రబడింది. "ఒక్కో క్లాస్‌లో ముప్పైమంది ఉంటారు. ఒక్కరికి సడలిస్తే మిగతావాళ్ళు నాకెందుకు లేదంటారు. మీరు మా రూల్స్ చూసి నవ్వుకోవచ్చు. వీళ్ళలో చాలామంది మా దగ్గరికి చదవడం రాకుండా వచ్చారు. ఆ రూల్స్ వల్లే ఆ గదుల్లో పాఠం జరుగుతోంది."

అందులో అబద్ధం లేదు. గోడమీద పేజీలు చూసి వచ్చాను కదా.

వీలర్ జనేల్ వైపు తిరిగాడు. "జనేల్, నువ్వేమనుకుంటున్నావు? నీకు ఎక్కడ బాగుంటుంది?"

జనేల్ గోడవారగా ఉన్న హీటర్ వైపు చూస్తోంది. వీలర్ మళ్ళీ అడగడానికి నోరు తెరిచాడు. ఆగమన్నట్టు చెయ్యెత్తాను. యోలాండా కూతురి మోచెయ్యి పొడవబోయి ఆపుకుంది. హీటర్ టకటకమంటోంది. ఎవరో ఒకరు అందుకోకుండా అలా కూర్చోవడం ఎంత కష్టమో ఆ గదిలో ఉన్న పెద్దవాళ్ళందరికీ తెలిసింది. ఈ పిల్ల ఇవాళ మాట్లాడకపోతే ఎలా అని నాకూ అనిపించింది. నాలిక మీదికి వచ్చిన మాటని బలవంతంగా మింగాను.

"ఇక్కడి పుస్తకాలు బాగుంటాయి" అంది జనేల్, హీటర్‌తో చెబుతున్నట్టు. మళ్ళీ ఆగింది. "చూడమంటే వినలేను. వినమంటే చూడలేను. రెండూ ఒకేసారి అడగొద్దు." కాసేపయ్యాక, "నేను వింటూనే ఉన్నాను. రోజూ" అంది.

యోలాండా కళ్ళు తుడుచుకోవడం లేదు, కారనిస్తోంది.

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. ఈ పాప నా దగ్గర ఏడాది ఉందనీ, ఇక్కడ కొన్ని నెలల్లో నేను నేర్పగలిగినదానికంటే ఎక్కువ చదవడం నేర్చుకుందనీ, అందుకే తనని ఇక్కడి నుంచి పంపడం తప్పనీ అన్నాను. సాయం చెయ్యకపోవడం చట్టరీత్యా కూడా తప్పని చెప్పాను.

వీలర్ ముందుకి వంగాడు. "ఈ మాట హియరింగ్‌లో చెప్తారా?"

నేను జవాబిచ్చేలోపు యోలాండా చెయ్యి టేబుల్ మీద పడింది. "నా బిడ్డ ఇంకా ఇక్కడే కూర్చుని ఉంది" అంది.

అతను తలొంచుకుని, "సారీ" అన్నాడు. మొక్కుబడిగా అన్నట్టు అనిపించలేదు. ఆ సాయంత్రమే కోఆర్డినేటర్ కొత్త ఏర్పాట్లన్నీ రాసింది. జనేల్ ఎటు చూసినా డీమెరిట్ వెయ్యరు. ప్రశ్న ముందే చెప్పి, తరవాత జవాబు అడుగుతారు. పాటించకపోతే స్టేట్‌కి కంప్లయింట్ చేస్తానని యోలాండా చెప్పి మరీ సంతకం పెట్టింది.

మర్నాడు నేనే డొనెలీ దగ్గరికి వెళ్ళి చెప్పాను. వేరేవాళ్ళు చెబితే వినడం కంటే నయమనిపించింది.

"పైవాళ్ళు పాఠం బాగా చెప్తున్నారని వాళ్ళ గదిలోనే కూర్చుని చెప్పావా?" అన్నాడు.

"ఆ పాపకి బాగా చెప్తున్నారని చెప్పాను. నిజం కాబట్టి."

"నువ్వు ఏ స్కూల్ టీచర్‌వి, పద్మా?"

"ఈ స్కూల్ టీచర్నే. హియరింగ్‌కి వస్తాను. మన గదులు ఎందుకు కావాలో చెప్పమంటే చెప్తాను. జనేల్ గురించి మాత్రం మాట్లాడను."

ఆయన నా పేరు మాట్లాడేవాళ్ళలోంచి తీసేయించాడు. ఆ తరవాత చాలా వారాలు కారిడార్‌లో ఎదురైతే తల ఊపి వెళ్ళిపోయేవాడు. లంచ్‌రూమ్‌లో కొందరు టీచర్లు నేను రాగానే మాట మార్చేవారు. ఫోన్ మోగితే హెచ్ఆర్ వాళ్ళేమోనని ముందు నంబర్ చూసేదాన్ని.

హియరింగ్ రోజు ఆడిటోరియం నిండిపోయింది. ఒక పక్క ఎర్ర టీషర్టులు, మావాళ్ళు. ఇంకో పక్క పసుపు టీషర్టులు, చార్టర్ వాళ్ళు. చంటిపిల్లలకి కూడా వేశారు. ఎవరు మాట్లాడినా ఒక సగం చప్పట్లు, ఒక సగం అరుపులు. యోలాండా పేరు పిలిచారు. ఆమె ఏ టీషర్టూ వేసుకోలేదు. డ్యూటీ నుంచి నేరుగా అదే నీలం యూనిఫామ్‌లో వచ్చింది.

"నా పెద్దకొడుకుని కింది స్కూల్ చదవడం రాకుండా పాస్ చేసింది" అంది. పసుపు పక్క లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమె ఆగింది. "నా కూతుర్ని పై స్కూల్ చదవడం నేర్పి, మూడుసార్లు ఇంటికి పంపింది." ఇప్పుడు ఎర్ర పక్క అరిచింది. ఆమె మళ్ళీ ఆగింది, రెండు పక్కలా నోళ్ళు మూతపడేదాకా.

"అయిపోయిందా? మీరిద్దరూ నా ఇంటికి ఫోన్ చేశారు. మీ తరఫున మాట్లాడమని ఇద్దరూ అడిగారు. జనేల్ ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. గదులు ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోండి. ఎవరికిచ్చినా, వాటి లోపలికి వచ్చిన పిల్లని బయటికి పంపకూడదని రాయండి. నేను చెప్పాల్సింది ఇంతే. నా బస్సుకి టైమ్ అయింది."

ఆమె నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ అరవనూ లేదు. తరవాత పిలిచిన వక్త మైక్ దగ్గరికి వచ్చి, తన కాగితం వైపు చూసుకుంటూ నిలబడిపోయాడు.

బోర్డు చార్టర్ పక్షాన ఓటేసింది. రెండో అంతస్తులో సగం వాళ్ళకి పోయింది. పోయిన గదుల్లో నాదొకటి. యోలాండా రాయమన్నది ఎవరూ రాయలేదు.

స్కూల్ మూసే ముందు డొనెలీ నన్ను పిలిచాడు. "హెచ్ఆర్‌తో మాట్లాడాను. ఊళ్ళో ఇంకో స్కూల్లో నీ పోస్టు ఉంటుంది. గ్రీన్‌కార్డ్ ఆగదు" అన్నాడు. థాంక్స్ చెప్పబోతే అడ్డుపడ్డాడు. "నీ మీద కోపం పోలేదు. కానీ ఈ పనికి మనుషులు దొరకడం లేదు." ఆ రెండు మాటలూ నిజమే అయ్యుంటాయి. ఇంటికి వెళ్ళి చెబితే సుధాకర్ కుర్చీలో కూలబడి చాలాసేపు రెండు చేతులతో ముఖం కప్పుకుని ఉండిపోయారు. గ్రీన్‌కార్డ్ వచ్చాక ఆయనా అదే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్ అయ్యారు.

జనేల్ పై స్కూల్లోనే ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. మధ్యలో ఇంకోసారి సస్పెండ్ అయింది. ఈసారి నిజంగానే అల్లరి చేసింది, ఒకడి తలమీద పాలు పోసిందట. చెబుతూ యోలాండా పడీ పడీ నవ్వింది. వీలర్ మరుసటి ఏడే వేరే ఊరు వెళ్ళిపోయాడు. కొత్త డీన్‌కి ఆమె మొదటి వారంలోనే వెళ్ళి మొత్తం మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. ఆ తరవాత వచ్చినామెకి కూడా.

జనేల్ సంగతి తరవాత నా పని తీరు రెండు విధాల మారింది. నా గదిలో పిల్లలు నవ్వుతూ ఉంటే పాఠం జరుగుతున్నట్టే అనుకోవడం మానేశాను. వాళ్ళ చేత చదివిస్తాను, ఏడ్చినా పక్కన కూర్చుని చదివిస్తాను. రెండోది మీటింగుల గురించి. చార్టర్ మంచిదా చెడ్డదా అని ఈ దేశంలో నన్ను అడగనివాళ్ళు లేరు. ఎడిసన్‌లో భోజనాల దగ్గర కూడా అడుగుతారు. నాకు తెలియదని చెప్తాను. నాకు తెలిసింది ఒక్కో పిల్ల సంగతే. ఆ పిల్ల గురించి మాట్లాడమన్నప్పుడు నేను చూసిందంతా చెప్తాను, అందులో నాకు నచ్చని భాగంతో సహా. అలా చెప్పిన ప్రతిసారీ గదిలో ఎవరికో ఒకరికి కోపం వస్తుంది. ఒక్కోసారి ఆ కోపం వచ్చేది నా జీతం మీద సంతకం పెట్టేవాళ్ళకే. ఇన్నేళ్ళ తరవాత కూడా అలాంటి మీటింగ్‌కి వెళ్ళే ముందు నా అరచేతులకి చెమట పడుతుంది. చున్నీకి తుడుచుకుని లోపలికి వెళ్తాను.